ధరలేనా కొండెక్కేది? మనమూ ఎక్కుదాం!

‘కొండెక్కడం’ అనే మాటని మన ఇళ్ళల్లో ఎన్ని రకాలుగా వాడతామో ఎప్పుడైనా గమనించారా? కందిపప్పు ధర కొండెక్కిందంటాం. దేవుడి దగ్గర దీపం ఆరిపోతే, ఆ మాట నోటితో అనకూడదని, కొండెక్కిందంటాం. బతిమాలినా బెట్టు దిగని వాళ్ళని చూసి కొండెక్కి కూర్చున్నారంటాం. ధరలు ఎక్కుతాయి, దీపాలు ఎక్కుతాయి, అలకలూ ఎక్కుతాయి. ఎక్కనిదల్లా మనమే!

“అదేమిటండీ, మేం ఏటా ఎక్కుతూనే ఉన్నాం” అని మీలో కొందరు అనొచ్చు. సంతోషమే. కానీ ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో ఫొటోల ఆల్బమ్ ఉంటే తీసి చూడండి. కోట గోడ మీద నిలబడ్డ ఫొటో, కొండమీద మంటపం ముందు దిగిన ఫొటో, కింద ఊరంతా అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్న ఫొటో. వాటిలో నాన్న ఉంటాడు, పిల్లలుంటారు, బాబాయి ఉంటాడు. అమ్మ ఉందా? చాలా ఇళ్ళల్లో ఉండదు. ఎక్కడుందంటే, కింద వేపచెట్టు నీడలో, రెండు సంచులు, ఒక టిఫిన్ కారియర్, అయిదు జతల చెప్పుల పక్కన కూర్చుని ఉంది. “మీరెళ్ళి రండి, నేనిక్కడ సామాను చూస్తూంటాను” అని ఆవిడే అంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. అలాగని “నువ్వూ రా” అని గట్టిగా చెయ్యి పట్టుకుని లాగిన వాళ్ళూ లేరు.

వేసవి సెలవులొచ్చాయి కనక ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందామనుకుంటున్నాను. ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నా ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు దొరకవు. కానీ మన తెలుగునాట ఏ ఊళ్ళో ఉన్నా గంటా రెండు గంటల దూరంలో ఒక కొండ ఉంటుంది. దాని మీద ఒక దేవుడో, ఒక పాత కోటో తప్పక ఉంటాయి. ఒక్క పూటలో వెళ్ళి రావచ్చు. ఖర్చు బస్సు చార్జీలు, కాసిని చిల్లర ఖర్చులే. అలాంటి చోటికి ఇంటిల్లిపాదీ వెళ్ళాలి. ఇంటిల్లిపాదీ అంటే మనతో కలిపి.

ఏ కొండకి ఏ వేళ?

ముందుగా ఒక ముఖ్యమైన విషయం. కొండ అనగానే చల్లగా ఉంటుందనుకుంటాం. అన్ని కొండలూ చల్లగా ఉండవు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైన ఉంది కనక కింద మండిపోతున్నా పైన హాయిగా ఉంటుంది. అరకు లోయ 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖపట్నం నుంచి సొరంగాల గుండా సాగే రైల్లో వెళ్తే పిల్లలకి ఆ ప్రయాణమే ఒక పండగ. సొరంగం వచ్చినప్పుడల్లా వాళ్ళు వేసే కేకలకి మన అలసట సగం తీరిపోతుంది. ఈ రెండు చోట్లకీ మే నెలలో పగటిపూట కూడా వెళ్ళొచ్చు.

మన ఊరి పక్కన ఉండే వంద, రెండు వందల మీటర్ల కొండ సంగతి వేరు. అక్కడ తగ్గే వేడి డిగ్రీ, డిగ్రీన్నరకు మించదు. పైగా బండరాయి ఎండని పీల్చుకుని అట్లపెనంలా కాలుతుంది. అలాంటి కొండకి వేళ చూసుకుని వెళ్ళాలి. మే నెలలో ఆరు గంటలకల్లా బాగా తెల్లారిపోతుంది. అప్పటికి మొదటి మెట్టు మీద ఉండాలి. తొమ్మిది కొట్టేసరికి దిగిపోవాలి. కోటలైతే తలుపులు తీసే వేళ ముందుగా కనుక్కోండి. పొద్దెక్కాక తీస్తారని తెలిస్తే సాయంత్రం ఎండ వాలాక వెళ్ళి, చీకటి పడకముందే దిగి రండి. మిట్టమధ్యాహ్నం మాత్రం ఏ కొండా వద్దు.

కృష్ణా, గుంటూరు వైపు వారికి కొండపల్లి ఉంది. విజయవాడకి కూతవేటు దూరమే. పధ్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజుల నాడు కట్టిన కోట. దిగి వచ్చాక ఊళ్ళో బొమ్మలు చేసే వారి ఇళ్ళకు వెళ్ళండి. తెల్ల పొణికి కర్రని ఉలితో చెక్కి, విడివిడి ముక్కలు అతికించి, రంగులు వేస్తారు. మన బొమ్మల కొలువులో కూర్చునే దశావతారాలూ, అంబారీ ఏనుగూ ఎలా పుడతాయో పిల్లలు కళ్ళారా చూస్తారు.

మంగళగిరి పానకాల స్వామి సంగతి మీకు తెలిసిందే. పోసిన పానకంలో సగం తాగి సగం మనకి వదులుతాడని నమ్మకం. ఎండలో కొండెక్కిన వాడికి ఏం కావాలో ఆ స్వామికి తెలిసినంత ఎవరికీ తెలియదు! నరసరావుపేట దగ్గర కోటప్పకొండకి వెళ్తే దారిలో గొల్లభామ గుడి కనిపిస్తుంది. ఆనందవల్లి అనే గొల్లపిల్ల రోజూ ఆ కొండెక్కి శివుణ్ణి కొలిచేదని, ఆవిడ మాట కాదనలేక స్వామి కిందికి రావడానికి ఒప్పుకున్నాడని అక్కడి కథ. శివరాత్రికి ప్రభలు కట్టుకుని అంత జనం వచ్చే ఆ కొండ కథకి మూలం, రోజూ విసుగులేకుండా ఎక్కిన ఒక ఆడమనిషి.

విశాఖ వారికి సింహాచలం మెట్ల దారి, దారిలో గంగధార ఉన్నాయి. ఆషాఢ పౌర్ణమికి ఆ కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేస్తారు. ఆ జనంలో ఆడవాళ్ళు ఎంతమందో చూశారా? నిన్నటిదాకా “మోకాళ్ళ నొప్పులు బాబూ” అన్న వాళ్ళే చీరె కుచ్చెళ్ళు ఎగదోపుకుని తెల్లవార్లూ నడిచేస్తారు. కనక మనకి చేతకాక కాదు.

హైదరాబాదు చుట్టుపక్కల వారికి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలున్నాయి. అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. మూసీనది పుట్టేది అక్కడే. హైదరాబాదులో మనం ముక్కు మూసుకుని దాటే మూసీ అక్కడ ఎలా ఉంటుందో పిల్లలకి చూపించండి. ఇంకోవైపు భువనగిరి కోట. సుమారు 500 అడుగుల ఎత్తున్న ఒకే ఒక్క పెద్ద బండ. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడంటారు. నీడ తక్కువ కనక ఎండలో ఈ బండ జోలికి వెళ్ళొద్దు. కానీ ఆ బండ దగ్గర ఆగి మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊళ్ళో పుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంటూ, మొదటగా కొండలెక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరి బండల మీదే. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కినప్పుడు ఆ పిల్లకి ఇంకా పధ్నాలుగేళ్ళు నిండలేదు.

“ఆ వయసులో ఎవరైనా ఎక్కుతారు” అంటారేమో. సరే, ఇంకొకావిడ సంగతి. ప్రపంచంలో మొట్టమొదట ఎవరెస్టు ఎక్కిన మహిళ జపాన్‌కి చెందిన జుంకో తాబెయి. 1975 మే 16న ఎక్కింది. అప్పటికి ఆవిడకి 35 ఏళ్ళు, ఇంట్లో చిన్న పాప ఉంది. మనల్నేమీ ఎవరెస్టు ఎక్కమనడం లేదు. మంగళగిరి మెట్లెక్కమంటున్నాం, అంతే!

సామాను తగ్గితే కాపలా తగ్గుతుంది

అమ్మ కింద ఎందుకు ఉండిపోతోంది? సామాను చూడాలి కనక. సామాను ఎందుకంత? వంటిల్లంతా మూట కట్టుకుని బయల్దేరతాం కనక. పూరీలు, కూర, పులిహోర, పెరుగన్నం, రెండు రకాల పచ్చళ్ళు, పళ్ళాలు, గ్లాసులు, చాప, మంచినీళ్ళ బిందె. మూడింటికి లేచి అవన్నీ వండి, మోసుకెళ్ళి, వడ్డించి, మళ్ళీ ఆ గిన్నెలన్నీ ఇంటికి తెచ్చి తోముకోవడాన్ని ‘విహారం’ అంటే దాన్ని మించిన హాస్యం లేదు. అది వంటింటిని మార్చడం, అంతే.

కాపలా కాయాల్సిన సామానే లేకపోతే కాపలా మనిషి అక్కర్లేదు. కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. మనిషికో గుడ్డసంచీ. అందులో ఎవరి నీళ్ళ సీసా వారిది, ఎవరి తువ్వాలు వారిది, ఎవరి తినుబండారం వారిది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు కూడా తన సంచీ తాను మోస్తాడు. మోసినందుకు మురిసిపోతాడు కూడా. చెప్పులు గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చి చీటీ తీసుకోండి. అయిదో పదో రూపాయలు ఇవ్వడానికి వెనకాడి ఒక మనిషిని కట్టేసి కూర్చోబెట్టడం ఏం పొదుపు చెప్పండి?

వంట ఒక్కటే రకం చాలు. చింతపండు పులిహోర వేసవికి నమ్మకమైన తిండి. పులుపు, నూనె, పసుపు ఉంటాయి కనక మధ్యాహ్నం దాకా చెడదు. పులుసు రెండు రోజుల ముందే దగ్గరగా ఉడికించి పెట్టుకుంటే, పొద్దున అన్నం వార్చి కలపడమే పని. పెరుగన్నం కావాలంటే మెత్తగా వండిన అన్నంలో కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు, ఉప్పు, సన్నగా తరిగిన అల్లం వేసి కలపండి. తినే వేళకి డబ్బాలోనే తోడుకుని, పులవకుండా కమ్మగా ఉంటుంది. కొబ్బరి పచ్చడి, బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్లు ఎండాకాలం ప్రయాణానికి పనికిరావు. త్వరగా పాడవుతాయి.

అదీ చెయ్యలేమనుకుంటే తలా రెండు వేరుశనగ ఉండలు, రెండు కీరదోసకాయలు తీసుకెళ్ళి, దిగి వచ్చాక ఏ హోటల్లోనో ఇడ్లీ తిని రండి. ఏడాదికోసారి అలా తింటే మన గృహిణీత్వానికి వచ్చిన లోటేమీ లేదు.

ముందురోజు రాత్రి పనులు పంచెయ్యండి. నీళ్ళ సీసాలు నింపడం అబ్బాయి పని. సంచులు సర్దడం అమ్మాయి పని. బస్సు వేళలు, తలుపులు తీసే వేళలు కనుక్కోవడం శ్రీవారి పని. మీరు చెయ్యాల్సిందల్లా పది గంటలకల్లా పడుకోవడం! తిరిగొచ్చిన పూట ఇంట్లో అన్నం ఒక్కటి పొయ్యి మీద పెడితే చాలు. పెరుగు, ఆవకాయ ఉండనే ఉన్నాయి. కొత్త ఆవకాయ రోజుల్లో కూర అడిగేవారు ఎవరు?

కొండకు పానకం, మజ్జిగ

సీసాల్లో దొరికే రంగుల డ్రింకులకి బదులు ఇంట్లో పానకం కలుపుకోండి. లీటరు నీళ్ళకి 150 గ్రాముల బెల్లం కరిగించి వడకట్టి, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు శొంఠి, నాలుగు యాలకులు దంచి కలపండి. చిటికెడు ఉప్పు వేస్తే చెమటలో పోయిన ఉప్పు కొంత తిరిగి వస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు పానకం జోలికి పోకుండా నీళ్ళ మజ్జిగ పట్టుకెళ్ళండి. పెరుగు ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నాలుగు చుక్కల నిమ్మరసం. దొరికితే తాటిముంజలు పిల్లలకి ఎంతో మంచివి.

వీటితోపాటు మనిషికి లీటరున్నర మంచినీళ్ళు తప్పనిసరి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగుతూ ఉండాలి.

ఇక్కడ మన ఆడవాళ్ళతో ఒక మాట మనసు విప్పి చెప్పుకోవాలి. ప్రయాణమంటే మనం నీళ్ళు మానేస్తాం. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. దారిలో ‘వెళ్ళడానికి’ చోటుండదని భయం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా ఎండలో తిరిగి, ఇంటికొచ్చాక తలనొప్పి, మూత్రంలో మంట అని బాధపడతాం. దీనికి మందు నీళ్ళు మానడం కాదు, చోటు ముందే కనుక్కోవడం. బయల్దేరే ముందు ఒకసారి వెళ్ళిరండి. కొండ కింద బస్టాండులోనో, టిక్కెట్లు ఇచ్చే చోటనో, గుడి దగ్గరో వసతి ఎక్కడుందో దిగగానే అడగండి. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఆడపిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళి చూపించండి. నెలసరి వచ్చే రోజులు దగ్గరలో ఉంటే కావలసినవి సంచీలో ఒక పొట్లం పెట్టుకోండి, వాడినవి చుట్టి తేవడానికి ఒక పాత కాగితం సంచీ కూడా.

ఎక్కే ముందు, ఎక్కేటప్పుడు

“రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటాం కదా, మళ్ళీ అలవాటెందుకు?” అనుకోకండి. వంటింటికీ వరండాకీ తిరగడం వేరు, ఏకబిగిన మెట్లెక్కడం వేరు. అనుకున్న రోజుకి రెండు వారాల ముందు నుంచి రోజూ అరగంట వడిగా నడవండి. మేడ మెట్లుంటే పొద్దున నాలుగుసార్లు, సాయంత్రం నాలుగుసార్లు ఎక్కి దిగండి. తొడలకి, పిక్కలకి బలం వస్తుంది. రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు డాక్టరుని అడగకుండా బయల్దేరవద్దు.

ఎంత వేగంగా ఎక్కాలి? దీనికి గడియారం అక్కర్లేదు. ఎక్కుతూ పక్కవారితో మాట్లాడగలుగుతున్నారా, సరైన వేగమే. మాట ముక్కలవుతోందా, ఆగి ఊపిరి తీసుకోండి. మనం కబుర్లాడుకుంటూ ఎక్కితే ఈ పరీక్ష దానంతటదే జరిగిపోతుంది! పిల్లలు ముందుకు పరిగెడతారు, మగవారు పందెం వేసుకుంటారు. మీరు మీ వేగాన్నే ఎక్కండి. ముందు వెళ్ళిన వారు ప్రతి మలుపు దగ్గరా ఆగి అందరూ వచ్చాకే కదలాలని ముందే షరతు పెట్టండి.

ఎక్కడం కష్టం, దిగడం సుళువు అనుకుంటాం. మోకాళ్ళకి మాత్రం దిగడమే కష్టం. ఒంటి బరువంతా వాటి మీదే పడుతుంది. దిగేటప్పుడు పక్కన కమ్మీ ఉంటే పట్టుకోండి, లేదా చేతికర్ర తీసుకోండి. ఒక్కో మెట్టు మీదా పాదం పూర్తిగా ఆనించి, కొంచెం ఏటవాలుగా దిగండి. గబగబా దిగొద్దు.

కట్టు బట్టల సంగతి. పలుచని నూలుచీరె మడమల పైకి కట్టుకుని, కొంగు నడుముకి దోపుకుంటే చీరెతోనూ హాయిగా ఎక్కొచ్చు. పంజాబీ డ్రెస్సు అయితే ఇంకా సుఖం. “ఈ వయసులో ఇదేం వేషం” అనేవారు ఎప్పుడూ ఉంటారు. జారి పడితే పట్టుకునేది వాళ్ళు కాదు కదా! కోటల మీదా, అడవి దారుల్లోనూ పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. దేవుడి మెట్లు ఉత్తకాళ్ళతో ఎక్కేవారు ఎండెక్కక ముందే దిగిపోండి. రాతిమెట్టు కాలడం మొదలైతే బొబ్బలు రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఉపవాసం ఉండి ఎక్కుతామని మొక్కుకునే వారికి ఒక మాట. అన్నమయ్య పసివాడిగా తిరుమల కొండెక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆకలికి సొమ్మసిల్లి పడిపోయాడని, అలమేలుమంగమ్మ పెద్దముత్తయిదువ రూపంలో వచ్చి ప్రసాదం తినిపించిందని పెద్దలు చెబుతారు. అంతటి భక్తుడికే కడుపులో ఏదైనా పడాలని ఆ తల్లి అనుకుంది. మనం రెండు అరటిపళ్ళు, గ్లాసు పాలు తీసుకుని ఎక్కితే ఆవిడ కోప్పడుతుందా? అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. మొదటిసారి ఎక్కేవారు ముందు ఏదైనా చిన్న కొండతో అలవాటు చేసుకుని అప్పుడు వాటి సంగతి చూడండి.

పిల్లలు, కోతులు, ఎండదెబ్బ

అడవి దారిలో పిల్లల్ని ముందుకు వదలొద్దు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపని చిరుత ఎత్తుకుపోయిన సంగతి మనమెవ్వరం మరిచిపోలేం. ఆ తర్వాత పిల్లలతో నడిచే వేళల మీద నిబంధనలు పెట్టారు. ఇలాంటివి మారుతూంటాయి కనక బయల్దేరే ముందు కనుక్కోండి. గుంపుగా నడవండి. చిన్నపిల్లలు పెద్దవారి మధ్యలో ఉండాలి, వారి చెయ్యి మన చేతిలో ఉండాలి. చీకటి పడేదాకా ఉండొద్దు.

కోతులున్న కొండ మీద ప్లాస్టిక్ కవరు చేత్తో పట్టుకోవడమంటే వాటిని పేరంటానికి పిలవడమే. తిండి గుడ్డసంచీలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. లాక్కోవడానికి వస్తే వదిలెయ్యండి. పెనుగులాడితే కరుస్తాయి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపో, సున్నమో అద్ది ఊరుకోకూడదు.

ఎండ తగిలితే మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, పిక్కలు పట్టెయ్యడం కనిపిస్తాయి. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, కొద్దికొద్దిగా ఉప్పు, పంచదార నీళ్ళు పట్టండి. లీటరు మంచినీళ్ళకి తలకొట్టిన టీ చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అంతకు మించి ఉప్పు వెయ్యకూడదు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పొయ్యకుండా, ఒళ్ళు నీళ్ళతో తడుపుతూ, విసురుతూ, 108కి ఫోన్ చెయ్యండి. గుండెలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం లాంటివి ఉన్నా అంతే. “పైదాకా వచ్చాక వెనక్కి ఏం వెళ్తాం” అనే పట్టుదల అక్కడ పనికిరాదు.

అత్తగారి సంగతేమిటి?

“అంతా బాగుంది, మా అత్తగారు ఎక్కలేరు, ఆవిణ్ణి ఒంటరిగా వదిలేసి ఎలా వెళ్ళను?” ఇది చాలామందికి నిజమైన ఇబ్బందే. వదిలెయ్యమని ఎవరంటారు? వాహనం వెళ్ళే దారి కూడా ఉన్న కొండని ఎంచుకోండి. సింహాచలం, కోటప్పకొండ, యాదగిరిగుట్ట, విశాఖ కైలాసగిరి, ఇవన్నీ అలాంటివే. పెద్దవారు బస్సులోనో ఆటోలోనో పైకి వస్తారు, కైలాసగిరికైతే తాళ్ళ మీద నడిచే రోప్‌వే కూడా ఉంది. ఆవిడకు తోడుగా ఎవరు వెళ్ళాలి? ప్రతిసారీ కోడలే కానక్కర్లేదు. కన్నకొడుకు ఒకసారి వెళ్ళొచ్చు, మనవడు ఒకసారి వెళ్ళొచ్చు. నడిచిన వారూ, బండెక్కిన వారూ పైన కలుసుకుని, అందరూ కలిసి పులిహోర తినండి.

అలా కూర్చున్నప్పుడు ఆ పెద్దావిణ్ణి కదిపి చూడండి. ఆవిడ చిన్నప్పుడు ఏ కొండ ఎక్కిందో, ఎవరితో ఎక్కిందో చెబుతుంది. ఇంట్లో పప్పు తిరగమోత హడావిడిలో ఆ కబుర్లు ఎప్పుడూ బయటికి రావు.

ఇంతా ఎందుకు చెబుతున్నానంటే, మనం కింద కూర్చున్నప్పుడు నష్టం మనకొక్కరికే కాదు. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూసే అమ్మాయికి సంచుల పక్కన కూర్చున్న అమ్మ కనిపిస్తుంది. ఆడవాళ్ళు పెద్దయ్యాక కూర్చునే చోటు అదేనని ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల నేర్చుకుంటుంది. రేపు తన పిల్లలతో వచ్చినప్పుడు, ఏ మోకాలి నొప్పీ లేకపోయినా, తనూ అక్కడే కూర్చుంటుంది. అబ్బాయి కూడా నేర్చుకుంటాడు, సంచులు ఎవరి దగ్గర పెట్టి వెళ్ళాలో!

పైదాకా ఎక్కలేకపోయినా ఫరవాలేదు. సగం ఎక్కి, ఏ మంటపంలోనో అందరూ ఆగి, అక్కడి నుంచే ఊరిని చూసి దిగండి. శిఖరం ముఖ్యం కాదు. మనకి దొరికే ఆ గంట ముఖ్యం. పైనుంచి చూస్తే మన ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ ఇంట్లో నిన్న రాత్రి తోమకుండా వదిలేసిన గిన్నెలు కూడా అక్కణ్ణుంచి కనిపించవు. అదొక్కటి చాలదూ?

ఈ ఆదివారమే ఇంట్లో మాట ఎత్తండి. “మనమంతా కొండెక్కుతున్నాం, నేను కూడా” అని ఆ చివరి మాట కొంచెం గట్టిగా అనండి. ఎండలు ముదరకముందే వెళ్ళిరండి. దిగేటప్పుడు మీరు తిన్న పొట్లాల కాగితాలు, ఖాళీ సీసాలు మీతోనే కిందికి తెచ్చెయ్యండి. మన ఇల్లు ఊడ్చుకున్నట్టే కొండనీ శుభ్రంగా వదిలి రావాలి కదా.

అన్నట్టు, పైన ఫొటో తీసుకునేటప్పుడు కెమెరా దారిన పోయే ఎవరి చేతికైనా ఇచ్చి, మీరు మధ్యలో నిలబడటం మరిచిపోకండేం!